గాటిలో పనితనం

పత్తి, మిరప. చిలకలూరిపేట చుట్టూ ఉన్న నల్లరేగడి మీద రైతుకు అప్పు తీర్చేవీ ఇవే, అప్పు పెట్టేవీ ఇవే. గొడ్డుకు మాత్రం ఈ రెండూ ఏమీ మిగల్చవు. పత్తికట్టె పొయ్యిలోకి పోతుంది. మిరపకట్టెకు గొడ్డు మూతి కూడా పెట్టదు. నాదెండ్ల నుంచి యడ్లపాడు దాకా, ఇటు మార్టూరు వైపు, పైరు పచ్చగా ఉంది కదా అని మేతకు కొదవలేదనుకుంటే పొరపాటే. కంటికి కనిపించే పచ్చదనానికీ పశువు కడుపుకూ ఇక్కడ సంబంధం తెగి చాలా ఏళ్ళయింది.

ఒకప్పుడు ఇలా లేదు. జొన్న వేసేవాళ్ళు, వరిగ వేసేవాళ్ళు. గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. కంది కొట్టాక పొట్టు, పెసర నూర్చాక పొట్టు, మాగాణి ఉన్నచోట వరికోతకు ముందు చల్లిన పిల్లిపెసర, జనుము. ఏ చేలో ఏం వేయాలో ఆలోచించేటప్పుడు గొడ్డు వాటా కూడా లెక్కలో ఉండేది. సాగర్ కుడి కాలవ నీళ్ళొచ్చాయి, హైబ్రిడ్ పత్తి వచ్చింది, గుంటూరు యార్డులో మిరపకు ధర పలికింది. ఆ లెక్కలోంచి గొడ్డు జారిపోయింది. దీనికి రైతును తప్పు పట్టను. కౌలు కట్టేవాడికి చొప్ప కోసం జొన్న వేయమని చెప్పడం, చెప్పేవాడికి సులువు.

అందుకే వరికోతలయ్యాక చిలకలూరిపేట రోడ్ల మీద డెల్టా వైపు నుంచి గడ్డి ట్రాక్టర్లు, లారీలు వస్తుంటాయి. కోతమిషన్లు వచ్చాక ఆ గడ్డి కూడా మారింది. చేత్తో కోసి, పనలు కట్టి, కొట్టిన గడ్డి నిడుపుగా, వామికి పొందిగ్గా ఉండేది. మిషన్ గడ్డి నలిగి, విరిగి, చుట్టలుగా వస్తుంది. ఏదైతేనేం, మేత పండని నేల మీద మేత కొని, దాచి, నానబెట్టి, కలిపి, సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా ఒక్క పూట కూడా గాడి వెలితి పడకుండా పశువును నిలబెట్టే ఇళ్ళు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళలో జరిగేది నా దృష్టిలో ఒక చేతిపని. నేతకూ కొయ్యచెక్కడానికీ దక్కిన గౌరవం గొడ్లచావిడికి దక్కలేదు. అంతకంటే తేడా ఏమీ లేదు.

ఈ ప్రాంతపు పశువంటే ప్రపంచానికి ఒంగోలు జాతి. గుండ్లకమ్మ తీరం దీని పుట్టిల్లు. నరసరావుపేట, వినుకొండ, బాపట్ల, సత్తెనపల్లి తాలూకాల్లోనూ ఇది మొదటి నుంచీ ఉంది. తెల్లని ఒళ్ళు, కోడెకు మెడ మీదా మూపురం మీదా బూడిదరంగు నీడ, కాటుక పెట్టినట్టున్న కళ్ళు, నల్లని ముట్టె, పొట్టి కొమ్ములు, మడతలు మడతలుగా జారే గంగడోలు. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగినప్పుడు చిహ్నంగా పెట్టుకున్న ‘వీర’ ఒంగోలు గిత్తే.

1868లో ఒక జత ఓడలో పోతూ పోతూ బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో అమ్ముడైంది. నెల్లూరు పేరు అక్కడ నెలోరె అయి జాతికి స్థిరపడింది. 1960ల మొదట్లో మరికొన్ని మేలైన ఆబోతులు ఓడెక్కాయి. వాటిలో ఒకటి ఒంగోలు పక్కనున్న కరవది గ్రామానిది. బ్రెజిల్ వంశావళి పుస్తకాల్లో ‘కర్వాది’ అన్న పేరు ఇవాళ్టికీ ఒక పెద్ద వంశం. చేకూరపాడు పేరు కూడా అక్కడ ఒక వంశానికి ఉంది. ఇండోనేషియాలోని సుంబా దీవిలో సుంబా ఒంగోలే అనే జాతే ఉంది. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవు ధర 40 కోట్ల రూపాయల లెక్కన పలికిందని మన పత్రికలు రాశాయి.

బ్రెజిల్‌లో ఆ పశువు మాంసం కోసం. మన దగ్గర గోవధ నిషేధ చట్టం 1977 నుంచి ఉంది. చట్టం లేకపోయినా ఊళ్ళో ఇంటి గిత్తను ఆ లెక్కన చూసేవాళ్ళు అరుదు. ఇక్కడ అది కాడికి, బండికి, బండరాయికి, ఇంటి పరువుకు. అవసరం వేరైనా పశువు ఒకటే. రెండు చోట్లా తేడా వచ్చేది పెంపకంలో. అక్కడ వందల ఎకరాల బ్రాకియేరియా గడ్డిలో మందలు మందలుగా వదిలేస్తారు. ఇక్కడ ఒక ఇంటికి ఒకటో రెండో. పలుపుతో కట్రాటకు కట్టి, పేరు పెట్టి, ఇంట్లో వాళ్ళు ఏం తిన్నారో చూసినట్టే అది ఏం తిన్నదో చూస్తారు. ఈ జాతిని తీర్చింది దేశదిమ్మరి పశువుల కాపర్లు కారు, సేద్యం చేసుకునే రైతులు. రక్తం బ్రెజిల్‌కు పోయింది. గాడి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. జాతి గొప్పతనంలో సగం ఆ గాటిలోదేనని నా అభిప్రాయం.

గాడిని దగ్గర నుంచి చూద్దాం. నాదెండ్ల మండలంలో ఒక రైతు ఇంట్లో చావిడి. రెండు గిత్తలు, ఒక చూడి ఆవు, రెండు గేదెలు, దూడలు. చావిడి పని చూసే పెద్దాయనకు అరవై దాటాయి. తెల్లవారుజామున ఆయన మొదట చేసే పని మేత వేయడం అనుకున్నాను. మేత తీయడం. రాత్రి మిగిలిన గడ్డిని చేత్తో తిరగేస్తాడు. లావు కాడలు మిగిలితే ఏమీ అనడు. ఆకు కూడా మిగిలిందంటే మూతి దగ్గర ఏదో అయిందని నోరు తెరిచి చూస్తాడు. మొత్తం అలాగే ఉంటే చెవులు పట్టుకుని వేడి చూస్తాడు. ముట్టె మీద చెమట ఉందా, నెమరు వేస్తోందా, పేడ గట్టిగా పడిందా జారిందా, ఎడమ డొక్క పల్లం నిండిందా లేదా. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి కాసేపు అలాగే ఉంటాడు. లోపల పొట్ట కదిలి పిడికిలిని నెడితే పశువు బాగున్నట్టు. పశువైద్య కళాశాలలో నేర్పే పరీక్ష కూడా ఇదే. రెండు నిమిషాల్లో రెండు మూడు కదలికలు ఉండాలంటారు అక్కడ. ఈయన గడియారం చూడడు, అంతే తేడా.

గాడి కడిగాక గడ్డి. వామి నుంచి తీసిన గడ్డిని అలాగే పడేయడు. రెండు చేతులా విదిలించి దుమ్ము పోగొడతాడు. నీళ్ళు చిలకరిస్తాడు. పచ్చిమేత ఉన్న రోజున దాన్నీ ఎండుగడ్డినీ కలిపి ముక్కలు కొట్టి ఒకేసారి పెడతాడు. “పచ్చిది ముందేస్తే ఎండుది ముట్టదు బాబూ, దానికీ నాలుక ఉంది” అన్నాడు. ముక్క మరీ సన్నం కాకూడదు. పొడి అయితే నెమరుకు పని ఉండదు, నెమరు లేకపోతే లాలాజలం ఊరదు, అది ఊరకపోతే పొట్టలో పులుపు పెరుగుతుంది. ఎండు వరిగడ్డి ఒక్కటే పెడితే కడుపు నిండుతుంది, ఒంటికి పట్టదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. సున్నం కూడా ఒంటికి అందదు. అందుకని పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు కావాలి. ఆయన ఉప్పు పిడికిలితో కొలుస్తాడు. మిశ్రమం మాత్రం డబ్బాలో వచ్చిన గరిటెతో, సరిగ్గా గీత దాకా. మందుషాపులో డబ్బు పోసి కొన్నదాన్ని పిడికిలికి వదలడు.

తరవాత దాణా. ఇందులోనే ఇంటికో రుచి. లెక్క మాత్రం దాదాపు ఒకటే: మొక్కజొన్న లేదా జొన్న నూక మూడో వంతు, తవుడు మూడో వంతు, తెలగపిండో వేరుశనగ చెక్కో పత్తిచెక్కో మూడో వంతుకు కాస్త తక్కువ. దానికి తోడు కందిపొట్టు, మినప్పొట్టు, ఒంగోలు వైపు నుంచి వచ్చే శనగపొట్టు. అన్నీ కలిపి నీళ్ళు చల్లి, పిడికిట్లో పట్టి నొక్కుతారు. ముద్ద నిలవాలి, వేళ్ళ సందున నీరు కారకూడదు. మరీ పొడిగా ఉంటే ముక్కులోకి పోయి పశువు తుమ్ముతుంది, మరీ జావ అయితే నమలకుండా మింగుతుంది. వేరుశనగ చెక్కను వాసన చూడకుండా ఎవరూ వాడరు, వాడకూడదు కూడా. చెమ్మ తగిలి పసుపుపచ్చ బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ ఉంటుంది. పెద్ద పశువుకు కాలేయం చెడుతుంది, దూడ అయితే దక్కదు. బూజు దులిపి పెట్టేస్తే సరిపోతుందనుకోవడం ఈ చుట్టుపక్కల నేను విన్న ప్రమాదకరమైన పొదుపు.

పత్తి ఈ నేల మీద గొడ్డుకు ఏమీ ఇవ్వదన్నాను. గింజ ఒక్కటి మినహాయింపు. పేటలో జిన్నింగు మిల్లులున్నాయి, పత్తిగింజ ఊరు దాటి పోకుండానే దొరుకుతుంది. పూర్వం రాత్రి నానబెట్టి, పొద్దున రోట్లో వేసి రుబ్బి, ఆ పాలలాంటి పిండిని కుడితిలో కలిపేవాళ్ళు. గిత్త ఒంటి మీద వచ్చే ఆ నిగనిగకు పాతకాలం వాళ్ళు చెప్పే రహస్యం అదే. అయితే గింజలో గాసిపాల్ అనే విషం ఉంది. పెద్ద పశువు పొట్ట దాన్ని విరిచేస్తుంది. పొట్ట ఇంకా ఏర్పడని దూడకు ఆ శక్తి లేదు. ఆబోతుకు కూడా మోతాదు మించితే విత్తనం దెబ్బతింటుంది. ఈ ముక్క తెలియకుండానే పాతవాళ్ళు ‘దూడకు పత్తి పెట్టొద్దు’ అని నియమం పెట్టుకున్నారు.

ఉలవలది ఇంకో కథ. గిత్తల కోసం పెద్ద అండాలో ఉడకబెడతారు. తొక్క పగిలి, వేళ్ళ మధ్య నలిగేదాకా. చల్లార్చి పెడతారు. ఆ ఉడికించిన నీళ్ళు ఇంట్లోకి పోతాయి, చిక్కగా కాచిన ఉలవచారు అవుతాయి. హైదరాబాదు హోటళ్ళలో మీగడ వేసుకుని తినే ఆ చారు గిత్త వాటాలోంచి మనిషి తీసుకున్నదే. ఎద్దులు మాయమైన ఊళ్ళలో కూడా చారు మిగిలింది.

కుడితి చెప్పకపోతే ఆడవాళ్ళ పని చెప్పనట్టే. బియ్యం కడుగు, గంజి, కూరతొక్కలు, తవుడు, కాస్త ఉప్పు. పొద్దున్నా సాయంత్రం కుడితి తొట్టి నింపేది ఇల్లాలే. చలికాలంలో గోరువెచ్చగా, ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ పోసి. రోహిణీ కార్తెలో పెద్ద పశువు రోజుకు 60 లీటర్ల దాకా తాగుతుంది, పాలిచ్చేదైతే ఇంకా ఎక్కువ. బోరు ఎండిన వేసవిలో ఆ నీళ్ళు మోసిన భుజాలెవరివో ప్రదర్శనల్లో మైకు పట్టుకున్నవాళ్ళు చెప్పరు. గిత్త యజమాని పేరు చెబుతారు, ఊరు చెబుతారు.

పెద్ద పశువును నిలబెట్టడం అనుభవం ఉంటే అబ్బుతుంది. పనితనం అసలు పరీక్షకు నిలబడేది దూడ దగ్గర.

ఒంగోలు దూడ పుట్టినప్పుడు పాతిక నుంచి ముప్పై కిలోలుంటుంది. ముక్కులో, నోట్లో జిగురు తీస్తారు. తల్లి నాకుతుంది. బొడ్డుతాడును రెండంగుళాలు వదిలి దారంతో కట్టి, కింద శుభ్రమైన బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్ అద్దుతారు. అద్దని చోట బొడ్డు వాచి, చీము పట్టి, కీళ్ళలోకి దిగి దూడ నెల తిరగకుండానే పోతుంది. ఈ చిన్న సీసా ప్రతి చావిడిలో చూరుకు వేలాడుతూ ఉండాలి.

ఆ తరవాత జున్నుపాలు. మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదలకూడదన్న నమ్మకం ఊళ్ళలో ఇంకా ఉంది. ఇంతకంటే దూడకు చెరుపు చేసే నమ్మకం లేదు. దూడ పుట్టుకతో ఏ రోగానికీ ఎదురు నిలవలేదు, తల్లి ఒంట్లోని రక్షణ జున్నుపాల ద్వారానే దానికి చేరాలి. ఆ రక్షణను పేగు పీల్చుకోగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటలు. అరగంటలో మొదటి గుక్క, మొదటి రోజున ఒంటి బరువులో పదో వంతు, అంటే మూడు కిలోల దాకా. నిజానికి దూడ నోరు పెట్టి తాగితే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగానే పడుతుంది. మనవాళ్ళ క్రమం తలకిందులైంది. ఇరుగుపొరుగుకు జున్ను పంచడం మంచి ఆచారమే, కానీ దూడ తాగగా మిగిలినదే పంచాలి.

నాదెండ్ల పెద్దాయన ఈ విషయంలో ఇంటి యజమానితోనే గొడవ పడ్డాడట. “అయ్యా, మాయ సంగతి నేను చూసుకుంటా, దూడని ముందు తాగనియ్యండి” అని పలుపు విప్పేశాడట. ఆ ఇంట్లో అప్పటి నుంచి అదే పద్ధతి.

రెండో వారానికి లేత గడ్డి పోచలు దూడ ముందు పెడతారు. తినడానికి కాదు, నోట్లో ఆడించుకోవడానికి. పొట్ట తయారవడానికి ఆ ఆటే మొదలు. మూడు నెలలకు అది గడ్డి అరిగించుకునే పొట్ట అవుతుంది. పాలు మొదటి నెలలో బరువులో పదో వంతు, రెండో నెలలో పదిహేనో వంతు, మూడో నెలలో ఇరవయ్యో వంతు. ఇది పుస్తకం లెక్క. పోటీలకు పెంచే కోడెదూడకైతే తల్లి పాలన్నీ వదిలేసే ఇళ్ళున్నాయి. పాలు అమ్మితే వచ్చేది ఎంత, రెండు పళ్ళ కోడె పలికే ధర ఎంత అన్నది వాళ్ళ లెక్క, అదీ తప్పు లెక్క కాదు.

దూడను తినేసేవి ఏలికపాములు. తల్లి పాల ద్వారానే చేరతాయి. గేదెదూడల్లో ఎక్కువ. పొట్ట జారుతుంది, వెంట్రుక రేగుతుంది, మట్టిరంగు పారుడు, దుర్వాసన. పుట్టిన పది పదిహేను రోజుల మధ్య మొదటి నట్టలమందు పోస్తే ఈ చావుల్లో చాలా భాగం ఉండవు. తరవాత ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ పైన మూడు నెలలకోసారి. మందు కారుచవక. ఇంత చవక మందు పట్టక ఇన్ని దూడలు పోవడం ఈ రంగంలో నాకు మింగుడుపడని విషయం.

మింగుడుపడనిది ఇంకొకటుంది. గిత్తను పొగిడే ఊళ్ళోనే దున్నదూడను చూడండి. గేదె ఈనింది, పెయ్య అయితే సరే. పోతుదూడ అయితే దానికి దక్కేవి చేపుకు వదిలినప్పటి నాలుగు గుక్కలు. దుక్కి ట్రాక్టరుకు పోయింది, పోతుకు పని లేదు. ఎముకల గూడై రెండు మూడు నెలల్లో పోతుంది. పోయాక గేదె చేపదని తోలు ఒలిచి, గడ్డి కూరి, ఆ బొమ్మను పొదుగు పక్కన నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ బొమ్మ కూడా లేదు, చేపు సూది వేస్తున్నారు. దున్నమాంసం దేశం నుంచి భారీగా ఎగుమతి అవుతోంది. పోతుదూడను ఏడాదిన్నర సరిగా పెంచితే అది డబ్బయ్యే సరుకు. ఆ దూడల్ని కాపాడి పెంచేందుకు కేంద్రం ఒక పథకం కూడా పెట్టింది. రాష్ట్రంలో సునందిని పేరుతో దూడలకు రాయితీ దాణా ఇచ్చారు. పథకాలు వచ్చి పోయాయి, దున్నదూడ మాత్రం ఆకలితోనే ఉంది. గిత్తను పెంచడంలో ఇంత నేర్పున్న చేతులు దీని దగ్గర ఎందుకు ముడుచుకుంటాయో అడగాల్సిందే.

ఏడాది పొడుగునా మేత చూసుకోవడం అంటే పాత పద్ధతిలో వామి వేయడం. అదీ ఒక విద్యే. నేల మీద కట్టెలు పరిచి, దాని మీద గడ్డి. పక్కల్లోకి వాలుగా, నడుమ ఎత్తుగా, వాన నీరు జారిపోయేట్టు. సరిగా వేసిన వామి రెండు వానాకాలాలు తట్టుకుంటుంది. సరిగా వేయని వామి తుఫానుకు నాని లోపల ఉడుకెత్తి నల్లబడుతుంది, గొడ్డు వాసన చూసి తల తిప్పేస్తుంది.

ఆ ఎండుగడ్డిని బలవర్ధకం చేసే పని ఒకటుంది, తెలిసినవాళ్ళు ఎక్కువ, చేసేవాళ్ళు తక్కువ. 100 కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్ళు. పొరలు పొరలుగా పరిచి, చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. విప్పాక ఘాటు పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడి పశువు ఎక్కువ తింటుంది. ఆరు నెలల లోపు దూడకు ఇది పనికిరాదు. యూరియాను విడిగా నీళ్ళలో కలిపి తాగిస్తే పశువు చస్తుంది, ఈ మాట రెండుసార్లు చెప్పినా తప్పులేదు. పాతర గడ్డి సంగతి తెలిసిందే: మొక్కజొన్న కంకి పాలు గట్టిపడే దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి 45 రోజులు మూసి పెట్టడం. ఇప్పుడు మూటలు కట్టి అమ్ముతున్నారు, కొనేవాళ్ళూ పెరిగారు.

ఈ నేల మీద మేతకు తోడు ప్రమాదాలూ పెరుగుతాయి. జొన్న కోసిన మోడు మీద వాన పడి పిలక వేస్తుంది. పచ్చగా, లేతగా నోరూరిస్తుంది. “అబ్బాయ్, అటు తోలబాకు, నాము తగులుద్ది” అని కేకేసే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. లేత జొన్నలో, బెట్టకు గిడసబారిన జొన్నలో సైనైడ్ ఊరుతుంది. ఆకలి మీదున్న గొడ్డు కడుపు నిండా మేస్తే అరగంటలో పడిపోతుంది, డాక్టరు వచ్చి సోడియం థయోసల్ఫేట్ ఎక్కించే లోపే అయిపోవచ్చు. పూత వచ్చిన జొన్నకు భయం తక్కువ.

రెండోది పత్తిచేను. ఆఖరి తీత అయ్యాక చేలోకి గొడ్లను వదిలే అలవాటు ఉంది. ఆకు, పిందె మేస్తాయి. మందు కొట్టి ఎన్నాళ్ళయిందో కౌలుదారుకు తప్ప ఎవరికీ తెలియదు. చొంగ కార్చి, వణికి, కాళ్ళు చాపేసిన గొడ్డును చూశాక అడగడం కంటే తోలే ముందు అడగడం నయం. మందు డబ్బాలు కడిగిన కుంట నీళ్ళు అంతకంటే హాని. మూడోది సుబాబుల్. కాగితపు మిల్లుల కోసం గుంటూరు, ప్రకాశం వైపు బాగా వేశారు. ఆకు మంచి మేతే, కానీ పచ్చిమేతలో మూడో వంతుకు మించితే మైమోసిన్ వల్ల వెంట్రుక రాలుతుంది.

టీకాల సంగతి క్లుప్తంగా చెబుతాను. గాలికుంటుకు నాలుగు నెలల దూడ నుంచి మొదలుపెట్టి, నెలకు బూస్టరు, ఆ పైన ఆరు నెలలకోసారి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా తొలకరికి ముందు పడాలి, వానలు మొదలయ్యాక పరిగెత్తితే ఆలస్యమే. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు బ్రూసెల్లా టీకా జీవితంలో ఒక్కసారి. ముద్దచర్మ వ్యాధి 2019లో దేశంలోకి వచ్చింది, 2022లో విరుచుకుపడింది, మేకల మశూచి టీకాతో దాన్ని అడ్డుకున్నారు. టీకా మీద నమ్మకం లేనివాళ్ళకు ఒక్కటే చెప్పాలి: ఊళ్ళకు ఊళ్ళు చావిళ్ళు ఖాళీ చేసిన పెద్దరోగం ఇవాళ లేదు. ప్రపంచం మొత్తం మీదే లేదని 2011లో ప్రకటించారు. దాన్ని పంపించింది టీకానే.

ఇంత చేసేది ఎందుకో తిరునాళ్ళలో తెలుస్తుంది. శివరాత్రికి కోటప్పకొండకు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కదులుతాయి. ఆ రోజుల్లోనూ, ఉగాదికీ, ఊరి జాతరలకూ ఎడ్ల బండలాగుడు పోటీలు. పళ్ళను బట్టి వయసు విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు. ఇచ్చిన సమయంలో ఎవరి జత ఎన్ని అడుగులు లాగితే వాళ్ళది గెలుపు. గిత్తలకు బాదం, ఖర్జూరం, కోడిగుడ్లు పెట్టామని చెప్పుకోవడం ఇప్పుడు గొప్ప. నాకది అంత నచ్చదు. నెమరువేసే పశువుకు బాదం అవసరం లేదు, అది ప్రదర్శన కోసం మనిషికే అవసరం. రోజూ నడక, రోజూ ఒళ్ళు తోమడం, గిట్టల సందు శుభ్రం, పిడుదులు ఏరడం, వేళకు మేత. దమ్ము వచ్చేది అక్కడి నుంచి. బాదం పెట్టి నడిపించని గిత్త రెండో గీత దగ్గరే రొప్పుతుంది. కొరడా దెబ్బలతో లాగించడం గురించి అయితే మాట్లాడటానికేమీ లేదు. దెబ్బ పడకుండా, అదిలింపుకే లాగే జతే పనిమంతుడి జత.

జాతిని నిలపడానికి గుంటూరు పక్కనున్న లాంలో పశుపరిశోధన కేంద్రం, ప్రకాశం వైపు చదలవాడలో క్షేత్రం పనిచేస్తున్నాయి. లాం అంటే మనకు ఎల్‌సీఏ 334 మిరప గుర్తొస్తుంది, పత్తి గుర్తొస్తుంది. గొడ్డును పొలంలోంచి తోసేసిన రెండు పైర్ల విత్తనమూ, ఆ గొడ్డు విత్తనమూ ఒకే ఊరి నుంచి రావడం విచిత్రం. అక్కడ మేలైన ఆబోతుల వీర్యం, పిండమార్పిడి మీద పని జరుగుతోంది. మంచిదే. అయితే వీర్యం నాళికలో దాచొచ్చు, చావిడి పని దాచడానికి నాళిక లేదు. నాదెండ్ల పెద్దాయన తరవాత ఆ చావిడికి పనిమనిషి దొరకడని యజమాని అప్పుడే దిగులు పడుతున్నాడు. నెల జీతం ఎంతిస్తారని అడిగితే చెప్పిన మొత్తం ఆటో తోలేవాడు వారంలో సంపాదిస్తాడు. దిగులుకు మందు ఆ అంకెలోనే ఉంది.

మిరప, పత్తి మానేయమని ఎవరికీ చెప్పలేం. కానీ బోరు నీళ్ళున్న రైతు ఒక్కో పశువుకు పది సెంట్ల చొప్పున నేపియర్ గడ్డికి వదిలితే ఏడాది పొడుగునా దాని పచ్చిమేతలో పెద్ద భాగం ఇంటి పొలంలోనే దొరుకుతుంది. మొదటి కోత రెండున్నర నెలలకు, తరవాత ప్రతి నెలన్నరకు, ఒకసారి నాటితే కొన్నేళ్ళు. గట్ల మీద అవిశ, సాళ్ళ మధ్య అలసంద వేస్తే చెక్క ఖర్చు తగ్గుతుంది. నాటే నేపియర్ కణుపులు ఎక్కడ దొరుకుతాయో పశువైద్యశాలలో అడిగితే చెబుతారు. గొడ్డుకు జబ్బు చేస్తే 1962కు ఫోను చేయండి, సంచార వైద్యశాల ఇంటి దగ్గరికే వస్తుంది. కణుపులు మాత్రం తొలకరికి ముందే తెచ్చి పెట్టుకోండి.